బెంగుళూరు గోడ మీద పెదనాన్న

ఇంటర్నెట్టు ఫోను తీగలోంచి చుక్కలు చుక్కలుగా దిగే ఆ రోజుల్లో, ఒక చీర బొమ్మ తెర మీద అంచు నుంచి కొంగు దాకా కనపడేలోపు కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి రావచ్చు. అలాంటి కాలంలో జగ్గయ్యపేట బజారులో కూర్చుని దేశమంతటికీ చీరలు అమ్మేద్దామని బయల్దేరిన మనిషిని నేను. ఇప్పుడు తల్చుకుంటే ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అంతు చిక్కదు. చేతిలో ఉన్నదల్లా నందిగామ కాలేజీ వాళ్ళిచ్చిన కంప్యూటరు డిగ్రీ (చదివినన్నాళ్ళూ పొద్దున్నే బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను చేసిన యుద్ధాలకి వాళ్ళు ఇంకో డిగ్రీ ఇచ్చి ఉండాల్సింది), బుర్రలో ఉన్నదల్లా ఆ పాఠాల్లో ఎక్కడా లేని ఆలోచనలు. అయినా లోకం నా చీరల కోసమే ఎదురు చూస్తోందని నాకు గట్టి నమ్మకం.

మాది బట్టల కొట్టు. మెట్లెక్కి లోపలికి వెళ్తే గోడల నిండా బీరువాలు, వాటి ముందు తెల్ల దుప్పటి పరిచిన పొడవాటి పరుపు. పరుపుకి ఇవతల కొనేవాళ్ళు, అవతల బాసింపట్టు వేసుకుని మా పెదనాన్న. గుమ్మం దగ్గర క్యాషు బల్ల ముందు నాన్న. పెదనాన్నకి బజారులో 'ఆగండమ్మ గారు' అని పేరు. కస్టమరు ఏదీ నచ్చక లేచి, మెట్టు దిగి, చెప్పుల్లో కాలు పెట్టేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. సరిగ్గా రెండో చెప్పు తొడుక్కుంటుండగా "ఆగండమ్మా, మీకు చూపించాల్సింది చూపించనే లేదు" అనేవాడు. ఆ గొంతులో ఏముందో గానీ, ఆవిడ చెప్పు వదిలేసి మళ్ళీ పరుపు దగ్గరికి వచ్చేసేది. ఆ తర్వాత పెదనాన్న తీసే చీర చాలాసార్లు ఇంతకుముందు చూపించిందే. ఈసారి మాత్రం అది ఆవిడకి నచ్చేది.

ఆ పరుపుకి అవతలి వైపు కూర్చోవాలని నా కోరిక. మా ఇంటి ఆడపిల్లలు అందరూ దాని మీద కూర్చున్నవాళ్ళే, కానీ ఇవతలి వైపు, చీరలు ఎంచుకోవడానికి. అమ్మడానికి కూర్చున్నవాళ్ళు లేరు. కూర్చోకూడదని ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు కూడా. నేను తిన్నగా అడగడానికి మొహమాటపడి, చుట్టూ తిరిగి కంప్యూటరు మీదుగా వచ్చాను. కొట్టుకి వెబ్‌సైటు పెడతానన్నాను. పెదనాన్న జాకెట్ ముక్కల బీరువా పక్కన మూల చూపించాడు. "అక్కడ పెట్టుకో. దసరా సరుకు దిగేదాకా చూద్దాం. అప్పటికి నీ కంప్యూటర్ కొట్టుకి మనుషులు ఏర్పడితే సరే. లేకపోతే ఆ మూల జాకెట్ ముక్కలకి ఇచ్చేద్దాం. నందిగామలో స్కూలు కరస్పాండెంటు గారితో మాట్లాడా. కంప్యూటర్ టీచరు కావాలంటున్నారు, దసరా సెలవులవగానే చేరొచ్చంట." నేను నాన్న వైపు చూశాను. నాన్న చిల్లర సర్దుకుంటూ "అన్నయ్య చెప్పాడుగా అమ్మా" అన్నాడు. ఆయన జీవితంలో చాలా మాటలకి అదే సమాధానం.

మనుషులు ఏర్పడటమంటే ఏమిటో చెప్పాలి. మా కొట్టుకి ఒక అలవాటుంది. దసరా సరుకు దిగగానే మా ముసలి గుమాస్తా సైకిలేసుకుని చిల్లకల్లు మొదలుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, వాడుక ఇళ్ళకి వెళ్ళి, "కొత్త రకాలు దిగినయ్యండి, పెద్దబాబు గారు మీకు చెప్పి రమ్మన్నారు" అని కబురు చెప్పేవాడు. ఆ కబురు అందిన ఇల్లు వేరే కొట్టు మెట్టు ఎక్కేది కాదు. ఎక్కితే పెదనాన్న కోపగించుకునేవాడు కాదు గానీ, పెళ్ళిలోనో బస్సులోనో ఎదురుపడినప్పుడు "ఒంట్లో బాగోలేదనుకున్నానమ్మా, ఈ దసరాకి కనపళ్ళేదు" అని ఎంతో జాలిగా పలకరించేవాడు. అది కోపం కంటే దారుణం. నేను ఈమెయిలంటే ఏమిటో ఆయనకి ఈ గుమాస్తా కబురుతోనే పోల్చి చెప్పాను. వెబ్‌సైటుకి వచ్చినవాళ్ళ ఈమెయిళ్ళు మన దగ్గరుంటే, సైకిలక్కర్లేకుండా అందరికీ ఒకేసారి కబురు వెళ్ళిపోతుందన్నాను. పెదనాన్నకి వెంటనే అర్థమైంది. ముసలి గుమాస్తాకి కూడా అర్థమై, తన సైకిలు వైపు దిగులుగా చూసుకున్నాడు.

వెబ్‌సైటు చిరునామా మా కొట్టు సంచుల మీద అచ్చు వేయించాం. ఆ సంచులు కొత్త పెళ్ళికూతుళ్ళ వెంట హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళాయి. తెర అడుగున ఎంతమంది వచ్చారో చూపించే అంకెల పెట్టె ఒకటి ఉండేది, అది మెల్లగా పెరుగుతోంది. ఈమెయిళ్ళ కోసం నేను పాపప్ పెట్టాను. పట్నం కంపెనీలవాళ్ళవి అటూ ఇటూ చూసి నేర్చుకున్నదే, పేజీ తెరవగానే మధ్యలో ఠక్కున లేచే చిన్న పెట్టె, అందులో 'మా సమాచారం కోసం మీ ఈమెయిలు ఇవ్వండి' అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఇచ్చినవాళ్ళు నా స్నేహితురాళ్ళు, మా పిన్ని కొడుకు, మరి నేను. (నేను రెండుసార్లు ఇచ్చుకున్నాను.) మిగతావాళ్ళంతా పెట్టె లేవడం ఆలస్యం, మూసేసి చక్కా పోతున్నారు. పెదనాన్న రోజూ కొట్టు కట్టేసే ముందు వచ్చి అంకెలు చూసి, ముఖం చిన్నబుచ్చుకునేవాడు. "ఇంతమంది మన మెట్టెక్కి ఊరికే దిగి పోతన్నారా. నువ్వేం చేస్తన్నావమ్మా మరి?"

"పాపప్ పెట్టా కదా పెదనాన్నా."

"ఏదీ, చూపించు." చూశాడు. "ఇదేందమ్మా, కొట్లోకొచ్చిన మనిషిని కూర్చోమనకుండా, మంచినీళ్ళియ్యకుండా, ముందే నీ చిరునామా ఇవ్వమంటే ఎవరిస్తారు? నేనైనా లేచి పోతా. ముందు పలకరించాలి."

పలకరింపు అంటే ఆయన దృష్టిలో మనిషి కనపడాలి. కాబట్టి మర్నాడు ఇస్త్రీ చొక్కా, జరీ కండువా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని ఫొటో స్టూడియోకి వెళ్ళి, చేతులు జోడించి నిలువెత్తు ఫొటో దిగాడు. పాపప్‌లో ఆ ఫొటో, పక్కన 'రండి రండి. ఏ ఊరు? ఎవరి తాలూకా? ఇంట్లో శుభకార్యమా? మీ ఈమెయిలు చెబితే కొత్త సరుకు దిగగానే కబురు పెడతాం', దాని కింద కొట్టు ఫోను నంబరు. తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో ఖాళీ గళ్ళుగా కనపడేవి కాబట్టి మాటల్ని కూడా బొమ్మగా చేసి పెట్టాను. ఊరూ, ఇంటిపేరూ రాస్తేగాని పెట్టె ముందుకు పోనివ్వదు. వెళ్ళిపోదామని మూసేస్తే ఇంకో పెదనాన్న లేచి 'ఆగండమ్మా' అంటాడు. కొన్ని ఈమెయిళ్ళు వచ్చాయి. కానీ దసరా దగ్గరపడుతోంది. ఆ పాటి మనుషుల కోసం కంప్యూటరు దేనికి, గుమాస్తా సైకిలు చాలు.

అప్పుడే పెదనాన్నకి బోణీ గుర్తొచ్చింది. పొద్దున కొట్టు తెరవగానే వచ్చిన మొదటి మనిషి ఒట్టి చేతుల్తో వెళ్ళిపోతే ఆ రోజంతా బేరాలుండవని మా బజారు మొత్తానికి నమ్మకం. బోణీ వేళ వచ్చినవాళ్ళు కూడా ఆ సంగతి తెలిసినవాళ్ళే, ఏమీ నచ్చకపోయినా మర్యాదకి ఒక జేబురుమాలైనా తీసుకుని వెళ్తారు. "నీ కంప్యూటర్ కొట్టుకి బోణీ పట్టింపు లేదా?" అని అడిగాడు పెదనాన్న. అది నాకు చాలా సబబైన ప్రశ్నగా తోచింది. అదే విచిత్రం. వేరే ఇంట్లో పుట్టిన ఏ పిల్లయినా నవ్వి ఊరుకునేది. నేను మాత్రం నాకెందుకు తట్టలేదా అని సిగ్గుపడి, ఆ సాయంత్రమే కూర్చుని, రోజూ మొదటి అమ్మకం జరిగేదాకా పెట్టె మూతపడకుండా చేశాను. పెదనాన్న ఫొటోని తెర నిండా పెంచాను. మాటలు ఆయనే చెప్పాడు: 'బోణీ వేళండి. ఒట్టి చేతుల్తో లేవకండి. జేబురుమాలైనా తీసుకోండి.'

మర్నాడు సోమవారం. పొద్దున్నే ఫోను మోగింది. పెదనాన్న తీసి, అవతలి గొంతు నాకూ వినపడాలని రిసీవరు కొంచెం దూరంగా పట్టుకున్నాడు. ఒకమ్మాయి గుసగుసగా మాట్లాడుతోంది.

"హలో, ఆ ఫొటోలో పెద్దాయన మీవాళ్ళేనా అండి?"

"నేనేనమ్మా. చెప్పండి."

"అయ్యో, మీరేనా అంకుల్. మీరు దయచేసి మా స్క్రీన్ మీంచి దిగండి. బెంగుళూరు నుంచి మాట్లాడుతున్నా. మీటింగ్ మొదలయ్యే ముందు ఒక్క చీర చూద్దామని తెరిచా, మూతపడట్లేదు. నా కంప్యూటర్ని ప్రొజెక్టరుకి కలిపి గోడ మీద వేసేసారు. మేనేజరు, పైవాళ్ళు అందరూ చూస్తున్నారు. గోడంతా మీరే ఉన్నారంకుల్."

"గోడంతానా?" పెదనాన్న గొంతులో ఆందోళన వినపడాల్సిన చోట ఇంకేదో వినపడింది. "ఫొటో బాగా పడిందామ్మా?"

"బాగానే ఉంది. మా మేనేజరు నమస్కారం కూడా పెట్టాడు. దిగండి అంకుల్."

"ఏ ఊరమ్మా మీది?"

"చందర్లపాడు."

"మనవైపు పిల్లవే. మరి బోణీ సంగతి నీకు నేను చెప్పాలా? ఒక జేబురుమాలు తీసుకో, నేనే వెళ్ళిపోతా."

"ఇంతమంది ముందు జేబురుమాలు కొనమంటారా అంకుల్?"

"పోనీ చీరే తీసుకో."

నేను అప్పటికే కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి, పెట్టె తీసేసే పనిలో ఉన్నాను. కంప్యూటరుకి విడిగా తీసుకున్న ఫోను తీగ కలవడానికి మామూలుగా పట్టే సమయం పడుతోంది, సరిగ్గా కలిసిందనగా కరెంటు పోయింది. తెర నల్లబడగానే పెదనాన్న ఫోనులో ఎంతో ఆశగా "కరెంటు పోయిందమ్మా, నేను పోయానా?" అని అడిగాడు. "లేదంకుల్, ఇంకా ఉన్నారు," అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. మా ఊళ్ళో కరెంటు పోతే మా ఊళ్ళోనే పోతుందని, వెబ్‌సైటు ఉండేది ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటర్లో అని నేను వివరించేలోపు ఆ ఫోను కట్టయింది, ఇంకో ఫోను మోగింది. ఈసారి హైదరాబాదు నుంచి ఒకాయన. తర్వాత విజయవాడ నుంచి ఒక లెక్చరరు గారు. కార్డుతో డబ్బు కట్టడమంటే జనం భయపడే రోజులు కావడంతో ఎవరూ జేబురుమాలు కొనట్లేదు, ఎవరూ కొనకపోవడంతో ఎవరి తెరా వదలట్లేదు. ఊళ్ళో కరెంటు మధ్యాహ్నం దాకా రాదన్నారు. నేను సంచీ భుజానేసుకుని నందిగామ బస్సెక్కాను. అక్కడి నెట్ సెంటరులో ఇన్వర్టరు ఉండేది.

ఆ బస్సు ప్రయాణం నాకు బాగా గుర్తు. సోమవారమే అయినా కిటికీ పక్క సీటు యుద్ధం లేకుండానే దొరికింది, కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికి వీలుగా. దారిపొడుగునా ఎక్కడెక్కడి ఆఫీసు గోడల మీదో చేతులు జోడించి నిలబడ్డ పెదనాన్నే కనపడ్డాడు. కొట్టు పరువు తీశాను. తాతగారు కట్టిన కొట్టు పేరు విని ఇకమీదట జనం నవ్వుతారు. నందిగామలో దిగి నెట్ సెంటరుకి నడుస్తుంటే ఆ స్కూలు బోర్డు ఎదురైంది. లోపల పిల్లలు వరసగా నిలబడి ఎక్కం చదువుతున్నారు. నేను మర్యాదగా ఆ గేటు వైపు ఓసారి చూసి పెట్టుకున్నాను, ఎలాగూ రోజూ చూడాల్సిందే కదా అని. పెట్టె తీసేసి, అది పోయిందో లేదో నెట్ సెంటరులో అన్ని కంప్యూటర్లలోనూ తెరిచి చూసి (యజమాని నన్ను అనుమానంగా చూశాడు), తిరుగు బస్సెక్కాను.

కొట్టుకి వచ్చేసరికి పెదనాన్న ఫోనుని చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టుకుని, చీరల అట్టపెట్టె మూత మీద ఏదో రాసుకుంటున్నాడు. పక్కన అలాంటి మూతలు ఇంకా ఉన్నాయి. నన్ను చూసి చేత్తో ఆగమని సైగ చేసి, ఫోనులో "చెప్పమ్మా, ఆ తర్వాత చుక్కా?" అన్నాడు. మూతలు తీసి చూశాను. అన్నీ ఈమెయిళ్ళు. వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కో దాని పక్కన ఊరు, ఇంటిపేరు, ఎవరి తాలూకానో కూడా.

ఫోను పెట్టేశాక అడిగాను. "పెదనాన్నా, వీళ్ళంతా తిట్టడానికి ఫోన్ చేసినోళ్ళు కదా?"

"తిట్టారు మరి. తిట్టనిచ్చా. అయినాక, పెట్టె తీయించగానే కబురు పంపుతానమ్మా, ఎక్కడికి పంపను అన్నా. ఒక్కళ్ళు కాదనలేదు." మూతలు సర్ది నా చేతికిచ్చాడు. "అడిగేది ఎప్పుడడగాలో మీ కాలేజీలో చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ రాత్రి ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'చి.లకు ఆశీస్సులు, పెద్దలకు నమస్కారాలు. పొద్దున మీ ఆఫీసుల్లో చాలాసేపు నిలబడి ఇబ్బంది పెట్టాను. ఏమనుకోకండి. ఇప్పుడు వెళ్ళిపోయాను. దసరా సరుకు దిగింది. తీరిగ్గా వచ్చి చూసుకోండి, ఈసారి నేను అడ్డం రాను.' చి.లకు అనే మాట తీసేద్దామన్నాను. ఒప్పుకోలేదు. తెల్లారేసరికి జవాబులు వచ్చి ఉన్నాయి. ఒకాయన, మీరు పోయాక స్క్రీన్ బోసిపోయిందండీ అని రాశాడు. లెక్చరరు గారు వాళ్ళమ్మగారికి రెండు నేత చీరలు కావాలని రాశారు. బెంగుళూరు అమ్మాయి పెద్ద ఉత్తరమే రాసింది. ఎవరో ప్రొజెక్టరు తీగ లాగేదాకా పెదనాన్న గోడ మీదే ఉన్నాడట. మీటింగ్ అయ్యాక ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి, ఆ పెద్దాయన కొట్టులో ఏం దొరుకుతాయో చూపించమన్నారట.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం చందర్లపాడు నుంచి ఒక పెద్దావిడ నందిగామలో బస్సు మారి మా కొట్టుకి వచ్చింది. చెప్పులు విడుస్తూనే "మా బెంగుళూరు పిల్లని కదలకుండా పట్టుకున్నది ఎవరండీ, ఆ మనిషిని చూసిపోదామని వచ్చా," అంది. గొంతులో కోపమో నవ్వో తెలియలేదు. నేను జాకెట్ ముక్కల బీరువా వెనక్కి జరిగాను. పెదనాన్న ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, తాపీగా నా వైపు తిరిగాడు.

"నేను ఫొటోలో ఉన్నోణ్ణి మాత్రమేనండి. పట్టుకున్నది మా అమ్మాయి. ఇట్రామ్మా."

వచ్చి పరుపు పక్కన నిలబడ్డాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి "ఇంతున్నావు, అంత పని చేసావా?" అని నవ్వేసింది. "మా పిల్ల ఫోన్లో నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ రోజు చెప్పి చెప్పి నవ్వింది. దానికో చీర తీద్దామని వచ్చా. నువ్వే చూపించు."

నేను నిలబడే బీరువా మీదకి చెయ్యి చాచాను. పెదనాన్న కొంచెం పక్కకి జరిగి, తను కూర్చున్న చోట దుప్పటి ముడతలు చేత్తో సరిచేశాడు. "నిలబడి చీర చూపిస్తారామ్మా ఎవరన్నా? కూర్చుని చూపించు." ముసలి గుమాస్తా బీరువాలోంచి చీరలు తీసి నా ముందు పేర్చడం మొదలుపెట్టాడు. క్యాషు బల్ల దగ్గర నాన్న చిల్లర లెక్క మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. మొదటి చీర మడత విప్పుతుంటే కొంగు ఎటుందో అంచు ఎటుందో తెలియలేదు. ఆవిడే అందుకుని సరిచేసింది.

ఆవిడ రెండు చీరలు తీసుకుని వెళ్ళాక నేను లేవలేకపోయాను. అలవాటు లేని బాసింపట్టుకి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. విప్పిన చీరలు మడతపెడుతున్నట్టు నటిస్తూ అక్కడే కూర్చున్నాను. పెదనాన్న ఫోను దగ్గరికి లాక్కుని నందిగామకి కలిపాడు.

"కరస్పాండెంటు గారాండీ? నమస్కారం. ఆ కంప్యూటర్ టీచరు సంగతండి, వేరే ఎవరినన్నా చూసుకోండి. మా అమ్మాయికి తీరిక లేదండి. కొట్లో కూర్చుంటోంది."

అడిగిన గుమాస్తాకి, కాళ్ళ తిమ్మిరి వల్లే కళ్ళలో నీళ్ళొచ్చాయని చెప్పాను.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు మా వెబ్‌సైటుకి సలహాలివ్వడానికి చదువుకున్న పిల్లలు ఉన్నారు. పాపప్ ఎప్పుడు లేవాలి, ఏ రంగులో ఉండాలి, మూసే గుర్తు ఏ మూల పెట్టాలి అని గంటలకొద్దీ చర్చిస్తారు, నేను కళ్ళజోడు సర్దుకుని తలూపుతాను. మా పెట్టె ఇప్పుడు చాలా మర్యాదగా లేచి, వద్దనగానే తల వంచుకుని వెళ్ళిపోతుంది. అది మంచిదే, నేనే అలా చేయించాను. కానీ ఊరూ పేరూ తెలియని మనిషి ఆఫీసులోకి నిలువెత్తు పెదనాన్నని పంపించి, అది మర్యాద కాదేమోనన్న అనుమానం కూడా రాకుండా హాయిగా నిద్రపోయిన అప్పటి నాలోని ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వులో, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ పిల్ల మీద నాకు కాస్త అసూయ కూడా ఉంది.